ఎమ్‌డెస్‌, ఎమ్‌ఎఫ్‌ఏ: కళ, డిజైన్‌ పీజీ దరఖాస్తుల చిక్కుముడి

అక్టోబరు వచ్చిందంటే రెండు రకాల విద్యార్థులు ఒకే సందేహంతో తిరుగుతుంటారు. బీటెక్‌ చివరి ఏడాదిలో ఉండి డిజైన్‌ వైపు మళ్లాలనుకునేవారు కొందరు, బీఎఫ్‌ఏ (ఫైన్‌ ఆర్ట్స్‌ డిగ్రీ) ముగించి పై చదువుకు వెళ్లాలనుకునేవారు మరికొందరు. ఇద్దరికీ దొరికే సలహా ఒకటే: ‘పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) బాగుండాలి’. ఎవరి కంటికి బాగుండాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఎమ్‌డెస్‌ ప్రవేశ పరీక్ష సీడ్‌ దరఖాస్తు, నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ (ఎన్‌ఐడీ) దరఖాస్తు, డిసెంబరు, జనవరిల్లో ముగిసే అమెరికా గడువులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. దాంతో ఒకే ఫైలును అన్ని చోట్లకూ పంపేయడం మామూలైపోయింది. అక్కడే చాలా దరఖాస్తులు దెబ్బతింటున్నాయి. ఒక్కో డిగ్రీ అభ్యర్థిని ఒక్కో ప్రశ్న అడుగుతుంది, ఒక్కో జవాబు కోసం చూస్తుంది.

డిగ్రీ పేరు ఎంతవరకు నిజం చెబుతుంది

ఎమ్‌డెస్‌ అంటే మాస్టర్‌ ఆఫ్‌ డిజైన్‌. ఇందులో పని ఇతరుల అవసరం నుంచి మొదలవుతుంది. ఒక వస్తువు, ఒక యాప్‌ తెర, ఒక బండి, ఒక సూచిక బోర్డు... దాన్ని వాడేవారెవరు, ఖర్చెంత, ఏ యంత్రం మీద తయారవుతుంది అన్న పరిమితుల మధ్య పరిష్కారం వెతకాలి. ఎమ్‌ఎఫ్‌ఏ అంటే మాస్టర్‌ ఆఫ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌. చిత్రకళ, శిల్పం, ప్రింట్‌మేకింగ్‌ (పలక మీద చెక్కి బొమ్మను ముద్రించే కళ) వంటి వాటిలో విద్యార్థి తన సొంత ధోరణిని రెండేళ్లపాటు లోతుగా తవ్వుకునే చదువు అది. బరోడాలోని మహారాజా సయాజీరావ్‌ విశ్వవిద్యాలయం దీన్నే ఎమ్‌వీఏ (మాస్టర్‌ ఆఫ్‌ విజువల్‌ ఆర్ట్స్‌) అంటుంది, హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఎమ్‌ఎఫ్‌ఏ అంటుంది. పేరు వేరైనా చదువు ఒకే కోవది.

ఇక్కడిదాకా తేలికే. అమెరికా వెళ్లేసరికి లెక్క మారుతుంది. అక్కడ గ్రాఫిక్‌ డిజైన్‌కూ, ఇంటరాక్షన్‌ డిజైన్‌కూ ఎమ్‌ఎఫ్‌ఏ ఇస్తారు. న్యూయార్క్‌లోని పార్సన్స్‌లో ‘డిజైన్‌ అండ్‌ టెక్నాలజీ’ కోర్సు ఎమ్‌ఎఫ్‌ఏయే. కాబట్టి పేరు కన్నా చివరి సెమిస్టర్లో ఏం చేయిస్తారో చూస్తే అసలు రంగు తెలుస్తుంది. థీసిస్‌ ప్రదర్శన పెట్టమంటే ఒక లోకం, సంస్థతో కలిసి ప్రాజెక్టు చేయమంటే మరో లోకం. రెండూ కలిపినవీ ఉన్నాయి.

అమెరికాలో ఎమ్‌ఎఫ్‌ఏను ఆ రంగంలో అత్యున్నత వృత్తి డిగ్రీగా లెక్కిస్తారు. సాధారణంగా 60 క్రెడిట్లు, రెండేళ్లు. స్టూడియో కళ బోధించడానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. బ్రిటన్‌ ఎంఏ ఎక్కువచోట్ల ఏడాది చదువే. మన దేశంలో విశ్వవిద్యాలయంలో కళ బోధించాలనుకునేవారికి పీజీతో పాటు విజువల్‌ ఆర్ట్స్‌లో నెట్‌ (అధ్యాపక అర్హత పరీక్ష) గానీ, పీహెచ్‌డీ గానీ ప్రధానమైన దారి.

అర్హత దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎమ్‌డెస్‌ కోసం సీడ్‌ రాయడానికి ఏ శాఖవారైనా అర్హులే. ఇంటర్‌ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ లేదా డిప్లొమా ఉంటే సీడ్‌ రాయొచ్చు, చివరి ఏడాదిలో ఉన్నవారూ రాయొచ్చు. వయసుకూ, ప్రయత్నాల సంఖ్యకూ పరిమితి లేదు. ఎమ్‌ఎఫ్‌ఏకు మాత్రం మన విశ్వవిద్యాలయాలు ఎక్కువగా అదే శాఖలో బీఎఫ్‌ఏ అడుగుతాయి. బీటెక్‌ చదివి తీరికలో అద్భుతంగా బొమ్మలు వేసేవారికి ఇక్కడ చిత్రకళ ఎమ్‌ఎఫ్‌ఏ తలుపు దాదాపు మూసే ఉంటుంది. విచిత్రమేమిటంటే అదే వ్యక్తి అమెరికాలో ఎమ్‌ఎఫ్‌ఏకు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ ఏదో ఒక బ్యాచిలర్‌ డిగ్రీ, దానికి తోడు గట్టి పోర్ట్‌ఫోలియో ఉంటే చాలాచోట్ల సరిపోతుంది. కాకపోతే మూడేళ్ల బీఏ, బీకాం వారికి ‘నాలుగేళ్ల డిగ్రీ కావాలి’ అనే సంస్థలు కొన్ని అడ్డుపడతాయి.

సీడ్‌ మార్కులు ఎలా కలుస్తాయి

సీడ్‌ను ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. ఏటా జనవరిలో ఒక ఆదివారం పొద్దున మూడు గంటల పరీక్ష. పార్ట్‌ ఏ గంటసేపు, కంప్యూటర్‌ మీద, 150 మార్కులకు. పార్ట్‌ బీ రెండు గంటలు, కాగితం మీద చేత్తో గీస్తూ రాస్తూ చేసేది, 100 మార్కులకు. డ్రాయింగ్‌, సృజనాత్మకత, భావవ్యక్తీకరణ, విశ్లేషణ, సమస్యను గుర్తించే శక్తి అంటూ ఐదు ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 20 మార్కులు.

ముందు పార్ట్‌ ఏలో కటాఫ్‌ దాటాలి. దాటనివారి పార్ట్‌ బీ దిద్దరు. ఈ కటాఫ్‌ ముందుగా ప్రకటించే అంకె కాదు. అందరి సగటు మార్కులకు, మార్కుల చెదురుదనంలో (ప్రామాణిక విచలనంలో) సగం కలిపితే వచ్చేది ఓపెన్‌ విభాగానికి కటాఫ్‌. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌ వారికి అందులో 90 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 50 శాతం. లెక్క అర్థం కావడానికి ఊహగా కొన్ని అంకెలు తీసుకుందాం. సగటు 48, విచలనం 24 అయితే ఓపెన్‌ కటాఫ్‌ 60. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌ వారికి 54. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30. పేపరు తేలికైతే సగటుతో పాటు కటాఫ్‌ కూడా పెరుగుతుంది. ‘పోయినేడు ఇంతకే వచ్చిందట’ అన్న మాటకు అందుకే విలువ తక్కువ.

తుది మార్కుల్లో పార్ట్‌ ఏకు 25 శాతం, పార్ట్‌ బీకి 75 శాతం బరువు. ఇద్దరు అభ్యర్థులను ఊహించుకోండి. మొదటివారికి పార్ట్‌ ఏలో 150కి 90, పార్ట్‌ బీలో 40. అంటే 15, 30 కలిపి 45. రెండోవారికి పార్ట్‌ ఏలో 66 మాత్రమే, పార్ట్‌ బీలో 52. అంటే 11, 39 కలిపి 50. మొదటి గంటలో 24 మార్కులు వెనకబడినవారు చివరికి 5 మార్కుల ముందున్నారు. ఎంసెట్‌ (ఇప్పటి ఈఏపీసెట్‌), జేఈఈ అలవాటుతో వచ్చే మన పిల్లలు తర్కం, ఆకారాల తిప్పుడు ప్రశ్నల మీదే నెలలు గడిపి, పెన్సిల్‌ పట్టేది చివరి నెలలో. మార్కుల బరువేమో పెన్సిల్‌ వైపే ఉంటుంది.

పార్ట్‌ బీలో తరచూ జరిగే పొరపాటు సమయానిది. ఐదు ప్రశ్నలకు రెండు గంటలంటే ఒక్కోదానికి 24 నిమిషాలు. డ్రాయింగ్‌ ప్రశ్నకు షేడింగ్‌ దిద్దుతూ 50 నిమిషాలు పోగొట్టుకుంటే ఆ ప్రశ్నలో మహా అయితే నాలుగైదు మార్కులు పెరుగుతాయేమో గానీ, ఇంకో 20 మార్కుల ప్రశ్న పూర్తిగా పోతుంది. రెండో పొరపాటు, సమస్యను గుర్తించమన్నచోట నేరుగా పరిష్కారం గీసేయడం. రద్దీ రైల్వే ప్లాట్‌ఫాం బొమ్మ ఇచ్చి ఇబ్బందులు పట్టుకోమంటే, ‘స్మార్ట్‌ యాప్‌’ గీసి ఊరుకునే జవాబులో అడిగిన పని జరగలేదు.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో రుణాత్మక మార్కుల భయమూ కాస్త ఎక్కువే. ఇటీవలి ఏళ్ల పద్ధతిలో సరైన జవాబుకు 3, తప్పుకు అర మార్కు కోత. నాలుగు ఎంపికలున్న వంద ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తు పెడితే సుమారు 25 సరిపోతాయి. 75 మార్కుల లాభం, 37.5 నష్టం. వదిలేయడం కన్నా ఊహే కొంత నయమన్నమాట. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు ఈ లెక్క వర్తించదు. మార్కుల పట్టిక మారితే ఫలితమూ మారుతుంది గనుక ఆ ఏటి సమాచార పత్రమే ఆధారం.

ర్యాంకుకూ సీటుకూ మధ్య దూరం

డిజైన్‌ డిగ్రీ బీడెస్‌ కోసం రాసే యూసీడ్‌కు ఉమ్మడి సీట్ల కేటాయింపు ఉంది. సీడ్‌కు అది లేదు. ఈ ఒక్క తేడా తెలియక ఏటా కొందరు మంచి ర్యాంకుతో ఇంట్లోనే ఉండిపోతారు. ఫలితాలు వచ్చాక ఐఐటీ బాంబే, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్‌, రూర్కీ, హైదరాబాద్‌, బెంగళూరు ఐఐఎస్‌సీ, జబల్‌పూర్‌ ట్రిపుల్‌ఐటీడీఎం వంటివాటికి విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఒక్కో సంస్థకు ఒక్కో గడువు. స్కోరు ఇంటర్వ్యూ పిలుపు దాకా తీసుకెళ్తుంది. అక్కడినుంచి ఆ సంస్థ పెట్టే పరీక్ష, పోర్ట్‌ఫోలియో, ముఖాముఖి తేలుస్తాయి. దేనికెంత బరువన్నది సంస్థను బట్టి మారుతుంది. స్కోరు ఏడాదిపాటే చెల్లుతుంది.

ఎన్‌ఐడీ తన ఎమ్‌డెస్‌ సీట్లకు డాట్‌ అనే సొంత పరీక్షను ప్రిలిమ్స్‌, మెయిన్స్‌గా పెడుతుంది. దరఖాస్తు రోజే విభాగం ఎంచుకోవాలి. వస్త్ర డిజైనా, యానిమేషనా, ఫర్నిచరా అన్నది తర్వాత చూసుకుందామంటే కుదరదు. ఫ్యాషన్‌ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌ దారి కూడా వేరు.

డబ్బు విషయంలో ఒక మాట. సీడ్‌ అర్హతతో ఐఐటీల వంటి సంస్థల్లో ఎమ్‌డెస్‌ చేరినవారికి గేట్‌తో ఎంటెక్‌ చేరినవారి లాగే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం దక్కే వీలుంది. ఎమ్‌ఎఫ్‌ఏ విద్యార్థులకు ఇలాంటి ఏర్పాటు లేదు. ఇంట్లో జరిగే చర్చలో ఈ తేడా చిన్నదేమీ కాదు.

కుంచె పట్టినవారి దారి

చిత్రకళ, శిల్పం వైపు వెళ్లేవారికి తెలుగు నేల మీద రెండు పెద్ద చిరునామాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఒకటి కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌, మరొకటి మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ విశ్వవిద్యాలయం. బయట బరోడా, 1919లో మొదలైన శాంతినికేతన్‌ కళాభవన్‌. ఇలాంటి చోట్ల ప్రవేశ పరీక్ష ఒక మెట్టు మాత్రమే, చేసిన పనిని ఎదుట పెట్టుకుని మాట్లాడటం అసలు మెట్టు.

అక్కడ అడిగేది ‘నీకు బొమ్మ వేయడం వచ్చా’ అని కాదు. బీఎఫ్‌ఏ నాలుగేళ్లు చదివినవారికి వచ్చనే అనుకుంటారు. ‘ఇంకో రెండేళ్లు ఎందుకు, మా దగ్గరే ఎందుకు’ అన్నది ప్రశ్న. మెదక్‌ జిల్లా నిజాంపూర్‌ నుంచి వచ్చిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్‌ హైదరాబాద్‌లో డిప్లొమా ముగించి, 1960లలో కుడ్యచిత్రాలు, ప్రింట్‌మేకింగ్‌ నేర్చుకోవడానికి బరోడా వెళ్లారు. అక్కడ చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్‌ దగ్గర చదివారు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే ఎచింగ్‌లకు (లోహపు పలకను ఆమ్లంతో కొరికించి ముద్రించే బొమ్మలకు) పునాది ఆ చదువు. తోట వైకుంఠం కూడా బరోడా వెళ్లి వచ్చినవారే. తనకు లేని ఒక మాధ్యమమో, ఒక గురువో, ఒక ప్రెస్సో అక్కడ ఉందని చెప్పగలిగిన అభ్యర్థి జవాబు ‘పేరున్న సంస్థ కాబట్టి’ అనేవారి జవాబు కన్నా ఎప్పుడూ బరువుగానే ఉంటుంది.

పోర్ట్‌ఫోలియోలో ఎంపిక చేసేవారు వెతికేది

డిజైన్‌ పోర్ట్‌ఫోలియోకూ కళ పోర్ట్‌ఫోలియోకూ పోలిక పేరులోనే. మొదటిదానిలో నిర్ణయాలు కనిపించాలి, రెండోదానిలో ఒక వెతుకులాట కనిపించాలి.

డిజైన్‌ సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. ఇద్దరు విద్యార్థులు సిటీ బస్‌స్టాప్‌ బోర్డును తిరిగి రూపొందించారనుకుందాం. మొదటివారి పేజీలో మిలమిలలాడే త్రీడీ బొమ్మ, పక్కన వాడిన సాఫ్ట్‌వేర్ల పట్టిక. అంతే. రెండోవారు సికింద్రాబాద్‌ స్టేషన్‌ దగ్గర సాయంత్రం వెలుగులో బోర్డు ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నారో అడుగులు కొలిచి చూశారు. తెలుగు అక్షరానికి పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తు ఉంటాయి. ‘సికింద్రాబాద్‌’ అని రాస్తే ద కింద రావత్తుకు చోటు వదలాలి. ఇంగ్లిషుకూ తెలుగుకూ ఒకే ఎత్తు పట్టీ కేటాయిస్తే తెలుగు అసలు అక్షరం చిన్నదైపోతుంది. ఇది పట్టుకుని తెలుగు పట్టీ ఎత్తు పెంచారు. మూడు నమూనాలు కాగితం మీద ముద్రించి గోడకు అంటించి చదివించారు. రెండింటిని ఎందుకు వదిలేశారో రాశారు. రెండోవారి తుది బొమ్మ మొదటివారంత అందంగా లేకపోవచ్చు. ఎంపిక చేసేవారికి మాత్రం ఆ పేజీలో ఒక బుర్ర పనిచేయడం కనిపిస్తుంది. ఇలాంటివి మూడు నుంచి ఐదు ఉంటే చాలు. పదిహేను ప్రాజెక్టుల ఫైలులో బలహీనమైనవే ముందు కంటపడతాయి.

జట్టుగా చేసిన పనిలో ఎవరి వాటా ఏదో రాయకపోవడం ఇంకో లోపం. నలుగురు బీటెక్‌ మిత్రులు ఒకే ప్రాజెక్టును నాలుగు ఫైళ్లలో ‘నేను చేశాను’ అని పెడితే, ఒకే సంస్థకు వెళ్లిన రోజు అది బయటపడుతుంది.

కళ పోర్ట్‌ఫోలియోకు అమెరికా సంస్థలు ఎక్కువగా 10 నుంచి 20 చిత్రాలు అడుగుతాయి, చాలావరకు స్లైడ్‌రూమ్‌ అనే వేదిక ద్వారా. ఇక్కడ మన దగ్గర్నుంచి వెళ్లే ఫైళ్లలో ఎక్కువగా కనిపించేది ఫొటో చూసి గీసిన సినిమా తారల పెన్సిల్‌ బొమ్మలు. చేతి అదుపు వాటిలో నిజంగానే ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే వెలుగు, కోణం, చట్రం అన్నీ ఫొటోగ్రాఫర్‌ ముందే నిర్ణయించేశాడు. గీసినవారి ఎంపిక అందులో ఎక్కడుందో వెతికినా దొరకదు. కలంకారీ నేపథ్యం ఉన్నవారి విషయమూ అంతే. శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీస్తారు, మచిలీపట్నం పద్ధతిలో అచ్చులతో అద్దుతారు. సంప్రదాయ రామాయణ ఘట్టాన్ని చక్కగా తిరిగి గీయడం నైపుణ్యానికి రుజువు. అదే కరక్కాయ, అదే రంగులతో తన ఊరి సంగతి ఏదో చెప్పడానికి చేసిన ప్రయత్నం, అతుకుల బొంతలా ఉన్నా సరే, ఎమ్‌ఎఫ్‌ఏ ప్రశ్నకు దగ్గరగా వస్తుంది.

ఫొటోలు తీయడంలోనే సగం దరఖాస్తులు దిగజారుతాయి. బొమ్మ ఫ్రేముకున్న అద్దం తీయకుండా ఫొటో తీస్తే అందులో ట్యూబ్‌లైట్‌ మెరుస్తుంది. ఫోన్‌ వంచి పడితే కాన్వాసు నాలుగు పక్కలా సమంగా రాదు. ఎండ నేరుగా పడని వరండా వెలుగులో, బొమ్మ మధ్యభాగానికి ఎదురుగా కెమెరా ఉంచి తీసిన ఫొటోలో రంగు చాలావరకు నిజంగా వస్తుంది. శిల్పానికి కనీసం రెండు కోణాలు కావాలి. కొలతలు రాయకపోతే ఆరడుగుల కాన్వాసూ, నోటుబుక్కు కాగితమూ తెర మీద ఒకే సైజులో కనిపిస్తాయి. పేరు, సంవత్సరం, మాధ్యమం, సెంటీమీటర్లలో ఎత్తు, వెడల్పు రాయడం అందుకే.

ఎస్‌ఓపీ, ఆర్టిస్ట్‌ స్టేట్‌మెంట్‌: రెండూ ఒకటి కావు

ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్‌ ఆఫ్‌ పర్పస్‌) దరఖాస్తుదారు గురించి: ఏం చేశారు, ఏం కావాలి, ఈ కోర్సులోనే ఎందుకు. ఆర్టిస్ట్‌ స్టేట్‌మెంట్‌ పని గురించి: ఏ వస్తువు, ఏ మాధ్యమం, ఏ ప్రశ్న. కొన్ని సంస్థలు రెండూ అడుగుతాయి. ఎంఎస్‌ దరఖాస్తుల కోసం కన్సల్టెన్సీలు వాడే మూసలో ‘చిన్నప్పటి నుంచీ నాకు రంగులంటే ఇష్టం’ అని మొదలయ్యే పేరా ఉంటుంది. దాన్ని ఎవరి పేరు కిందైనా పెట్టొచ్చు, చిక్కే అది. ‘మా ఊరి చెరువు పూడిపోయాక మిగిలిన మట్టితోనే రంగు చేస్తున్నాను, అది ఆరాక పగులుతుంది, ఆ పగులును ఆపాలా వద్దా అన్నదే నా పని’ అనే వాక్యం ఒక్కరికే చెందుతుంది.

సిఫారసు లేఖ హెచ్‌వోడీ హోదా కన్నా పని దగ్గరుండి చూసినవారిదైతేనే బలం. అమెరికా పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ పరీక్ష సంగతి చాలామందికి తెలియదు. కళ, డిజైన్‌ ఎమ్‌ఎఫ్‌ఏలకు సాధారణంగా జీఆర్‌ఈ అడగరు. స్నేహితులతో పాటు దానికి మూడు నెలలు కేటాయించినవారు ఆ సమయాన్ని పోర్ట్‌ఫోలియో నుంచి తీసినట్టే. ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌ లేదా టోఫెల్‌ మాత్రం చాలాచోట్ల కావాలి.

వెంటనే చేరాలా, పనిచేసి చేరాలా

దీనిపై రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. రెండేళ్లు స్టూడియోలోనో కంపెనీలోనో పనిచేసినవారికి ఏం నేర్చుకోవాలో తెలుస్తుంది, ఇంటర్వ్యూలో మాట తడబడదు అంటారు కొందరు. కంపెనీలో చేసిన పనిని గోప్యత ఒప్పందాల వల్ల పోర్ట్‌ఫోలియోలో చూపలేని ఇబ్బంది, జీతానికి అలవాటు పడ్డాక చదువుకు తిరిగి రాలేకపోవడం గురించి మరికొందరు చెబుతారు. స్టూడియో కళలో ఇంకో కోణముంది. కాలేజీ వదిలాక ప్రెస్సు, బట్టీ, చోటు దొరకవు, పని ఆగిపోతుంది. ప్రింట్‌మేకింగ్‌ వారికి ఇది మరీ నిజం.

కోచింగ్‌ విషయంలోనూ అంతే. పెర్‌స్పెక్టివ్‌, మనుషుల భంగిమలు, వేగంగా గీయడం శిక్షణతో వస్తాయి, బీటెక్‌ వారికి అది చాలా మేలు చేస్తుంది. అదే సంస్థ పోర్ట్‌ఫోలియో కూడా ‘తయారుచేసి’ ఇచ్చినప్పుడు, ఒకే బ్యాచ్‌ ఫైళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ‘ఈ పేజీలో ఈ రంగు ఎందుకు తీసుకున్నారు’ అని అడిగిన క్షణాన జవాబు ఉండదు.

అమెరికా వెళ్లేవారికి ఒక ఆరంకెల కోడ్‌

అమెరికాలో ప్రతి కోర్సుకూ సీఐపీ అనే ఆరంకెల కోడ్‌ ఉంటుంది. చదువు తర్వాత ఓపీటీ అనే పని అనుమతి కింద అందరికీ 12 నెలలు పనిచేసే వీలుంది. కోడ్‌ స్టెమ్‌ (సైన్స్‌, టెక్నాలజీ, ఇంజినీరింగ్‌, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి. 50తో మొదలయ్యే దృశ్య, ప్రదర్శన కళల కోడ్‌లు చాలావరకు ఆ జాబితాలో లేవు. గ్రాఫిక్‌ డిజైన్‌ 50.0409 కూడా ఆ లేనివాటిలోదే. 09.0702 (డిజిటల్‌ మీడియా), 10.0304 (యానిమేషన్‌, ఇంటరాక్టివ్‌ టెక్నాలజీ), 11.0105 (మానవ కేంద్రిత సాంకేతిక డిజైన్‌) మాత్రం ఉన్నాయి.

దీని ఫలితం చూడండి. ఇద్దరు స్నేహితులు దాదాపు ఒకే పాఠాలున్న రెండు ఇంటరాక్షన్‌ డిజైన్‌ కోర్సుల్లో చేరారనుకుందాం. ఒకరి కోర్సు 11.0105 కింద నమోదైంది, రెండోది 50తో మొదలయ్యే కోడ్‌ కింద. చదువయ్యాక మొదటివారికి 36 నెలలు, రెండోవారికి 12. ఉద్యోగ వీసా హెచ్‌1బీ లాటరీ ఏడాదికొకసారి కాబట్టి ఒకరికి మూడు అవకాశాల దాకా రావొచ్చు, మరొకరికి తరచూ ఒక్కటే. అప్పు చేసి వెళ్లేవారికి ఇది ఫీజు అంత పెద్ద విషయం. అయితే దీన్ని చూసే కోర్సు ఎంచుకున్నవారు, పెయింటింగ్‌ చేయాల్సిన రెండేళ్లు కోడింగ్‌ పాఠాల్లో గడిపి మధ్యలో వదిలేసిన సందర్భాలూ ఉంటాయి.

కోర్సు పేరులో ‘టెక్నాలజీ’ అన్న మాట ఉన్నంత మాత్రాన స్టెమ్‌ అని అనుకోవడానికి లేదు. ఒకే కోర్సుకు సంస్థ కోడ్‌ మార్చుకున్న ఉదంతాలూ ఉన్నాయి కాబట్టి సీనియర్ల మాట పాతబడి ఉండొచ్చు. చేరబోయే ఏడాదికి ఏ కోడ్‌ అన్నది అడ్మిషన్‌ కార్యాలయం ఈమెయిల్లో చెబుతుంది. విద్యార్థి వీసా కోసం సంస్థ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చాక మొదటి పేజీలోనే కోర్సు పేరు పక్కన ఆ ఆరంకెలూ అచ్చై ఉంటాయి. అప్పటికి డిపాజిట్‌ కట్టేసి ఉంటారు గనుక, ముందే అడిగినవారికే అది పనికొచ్చే సమాచారం.